ఓకే చెప్పాక గేట్ చూసే మనిషి

నేను కిరాయికుండే ఇంటి యజమాని పోయారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం పప్పుచారు, అప్పడాలతో కడుపునిండా అన్నం తిని, "జర నడుము వాలుస్త" అని మంచం మీద ఒరిగినవారు మళ్ళీ లేవలేదు. ఆయన భార్య కేక విని నేను పై వాటా నుంచి మెట్లు దిగి పరుగెత్తేసరికి ఆయన ముఖంలో ఇంకా భోజనం చేసిన తృప్తే ఉంది. సందు చివర క్లినిక్ డాక్టరు వచ్చి చూశాడు. గుండె అన్నాడు, నిద్రలోనే ఆగిపోయిందన్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఒక్కటే ప్రశ్న అడిగింది.

"గుండెనే గదా సార్? ఆ పాత రోగం గాదు గదా?"

"కాదమ్మా. మూడు వారాల కిందటి రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, నేనే చూశాను."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇన్నవా తమ్మీ? గది గాదంట." ఏడుస్తూనే చెప్పింది. కానీ పందెం గెలిచిన మనిషి గొంతుతో చెప్పింది.

ఆ గెలుపు ఏమిటో, అందులో నా ఓటమి ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పాలి. ప్రతి ఆదివారం పొద్దున మా మేడ మీద నా కేకలు వినే నలభై మందికీ ఈ సంగతి తెలుసు. మిగతావాళ్ళు కూడా తెలుసుకుంటే, ప్రవచనం చెప్పేవాడి మాట ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ ఆగి చూసుకోవాలో తెలుస్తుంది.

నేను కోస్తా నుంచి పౌరాణిక వేషాలు వేద్దామని కృష్ణానగర్‌కు వచ్చినవాణ్ణి. భగవంతుడు నాకు గొంతు ఇచ్చాడు, ముఖం ఇవ్వలేదు. గుంపు సీన్లకు డబ్బింగ్ చెప్పి బతికాను. తెర మీద జనం "జై" అన్నప్పుడల్లా అందులో నా గొంతు ఒకటి ఉండేది. శాస్త్రం నాకు ఏ గురువూ చెప్పలేదు. డబ్బింగ్ థియేటర్ బయట నా వంతు కోసం కూర్చున్న గంటల్లో శ్లోకం వెంట శ్లోకం నేనే నమిలి మింగాను. ఇప్పటికీ ఆ శ్లోకాల గ్రంథం నా చేతిసంచిలోనే ఉంటుంది, కూరగాయలకు వెళ్ళినా సరే.

ఇరవై రెండేళ్ళ కిందట ఆయన ఇంట్లో పై వాటాలో కిరాయికి దిగాను. ఆయన్ని బాబాయ్ అన్నాను, ఆవిడను పిన్ని అన్నాను. ఆయన నన్ను స్వామీ అన్నారు. మొదట్లో వెక్కిరింపుగా, తర్వాత అలవాటుగా, ఆ తర్వాత ప్రేమగా. వెక్కిరింపు మాత్రం పూర్తిగా ఎప్పుడూ పోలేదు. అందుకు భగవంతుడికి దండం పెడుతున్నాను.

బాబాయ్ షేక్‌పేటలో పుట్టారు. కొండల మీద స్టూడియోలు లేచిన కాలంలో కెమెరా పెట్టెలు మోయడానికి చేరి, కెమెరా అసిస్టెంటు అయ్యారు. రీలు కెమెరాల్లో, ఫిల్ముకు వెలుతురు తగిలే చోట, వేలెడంత కిటికీ ఒకటి ఉండేది. దాన్ని గేట్ అంటారు. షాటు బాగా వచ్చింది, డైరెక్టరు ఓకే అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అయినా ఎవరూ కదలకూడదు. కెమెరా అసిస్టెంటు లెన్సు విప్పి, టార్చి వేసి, ఆ కిటికీ అంచుల్లో వెంట్రుకో నలుసో ఇరుక్కుందేమో చూడాలి. ఇరుక్కుంటే అది తెర మీద తాడంత కనిపిస్తుంది. అంత నటనా బూడిదపాలే. ఏమీ లేకపోతే "గేట్ క్లీన్" అని అరవాలి. అప్పుడే సామాను కదులుతుంది. ముప్పై ఏళ్ళు ఆ అరుపు అరిచిన మనిషి ఆయన.

డిజిటల్ కెమెరాలు వచ్చాక గేటూ లేదు, వెంట్రుకా లేదు. ఫిల్మ్ నగర్‌లో కెమెరాలు కిరాయికిచ్చే దుకాణంలో లెన్సులు తుడిచే పనికి కుదిరారు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరి చేట పక్కన పెడితే, ఈయన కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసేవారు.

"నేను ఏరిన గదా!" అనేది ఆవిడ.

"నువ్వు ఏరినవ్. నేను గేట్ చూస్తున్న."

"పెండ్లినాడు నా మొఖం చూసినవా గిట్ల టార్చి పెట్టి?"

"చూసిన. గందుకే గిన్నేండ్లు ఉన్న."

ఆయన మాట ఒకటి మా సందులో సామెత అయిపోయింది. "ఓకే చెప్పెటోడు వేరే, గేట్ చూసెటోడు వేరే. రెండూ ఒక్కడే జేస్తే సినిమా మునుగుతది." నేను అది విని నవ్వేవాణ్ణి. నన్నే అంటున్నారని ఎన్నడూ అనుకోలేదు.

ఆయనకు పరిశ్రమలో మరో పేరు కూడా ఉంది. రెండు గుమ్మడికాయల మనిషి. సినిమా షూటింగ్ మొత్తం అయిపోయిన రోజు గుమ్మడికాయ కొట్టి, దిష్టి తీసి, అందరూ ఇళ్ళకు పోవడం మనవాళ్ళ ఆచారం. ఒక సినిమాకు చివరి రోజు చివరి షాటు. వందమంది డ్యాన్సర్లు, ఎండ దిగిపోతోంది. డైరెక్టరు ఓకే అనగానే నిర్మాత మనుషులు సంబరం పట్టలేక గుమ్మడికాయ నేలకేసి కొట్టేశారు. హీరో కారెక్కాడు. అప్పుడు ఈయన కెమెరా వెనక నుంచి లేచి, "సార్, గేట్ల వెంట్రుక ఉన్నది" అన్నారు.

ఆ ఘట్టం బాబాయ్ నటించి చూపిస్తుంటే మా మేడ మీద జనం పొట్టలు పట్టుకునేవారు. డైరెక్టరు అన్నాడట, "ఏంటయ్యా, గుమ్మడికాయ కొట్టేశాం కదా!" ఈయన అన్నారట, "వెంట్రుకకు గుమ్మడికాయ గురించి తెల్వది సార్." కారు వెనక్కి వచ్చింది. తిట్లు వచ్చాయి. షాటు మళ్ళీ తీశారు. షేక్‌పేట సంతకు మనిషిని తోలి రెండో గుమ్మడికాయ తెప్పించి కొట్టారు.

ఆయన పిన్నికి ఇచ్చిన మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో పణంగా ఉన్నది అదే. ముప్పై ఏళ్ళు పాటల షూటింగులకని తోటలు, కొండలు, సముద్రాలు తిరిగారు. ఇంటికొచ్చి వర్ణించేవారు. ఆవిడ ఒక్క చోటూ చూడలేదు. "అన్నీ వంటింట్ల కెల్లి ఇన్న" అనేది. పని మానేశాక ఒక్కొక్క చోటికీ తీసుకుపోతానని, హీరోయిన్ నిలబడ్డ చోట నిలబెడతానని మాటిచ్చారు. పని మానేశారు. ఇక బయలుదేరడమే తరువాయి అన్నప్పుడు, బల్బు మార్చబోయి స్టూలు మీద నుంచి పడ్డారు. పక్కటెముకలకు ఎక్స్‌రే తీస్తే ఎముకలు బాగున్నాయి, కుడి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉంది. క్యాన్సర్ అన్నారు. జన్మలో బీడీ ముట్టని మనిషి. ఎందుకొచ్చిందంటే క్యాన్సర్ డాక్టరమ్మ కూడా చెప్పలేనంది.

మొదటి దశలోనే దొరికింది. ఊపిరితిత్తిలో ఒక భాగం కోసి తీసేశారు. గడ్డ మొత్తం వచ్చేసిందని, అంచులు శుభ్రంగా ఉన్నాయని సర్జను చెప్పాడు.

అది చాలు నాకు! ఇంటికొచ్చిన తర్వాతి ఆదివారం మేడ మీద సభ పెట్టాను. బాబాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టాం, దగ్గొస్తే అదుముకోవడానికి ఛాతీ మీద దిండు. నేను గొంతు ఎత్తాను. రోగం పారిపోయిందన్నాను. ఇక ఈ గడప తొక్కదన్నాను. సందేహమే అసలు రోగమని, తిరిగొస్తుందేమోనని వెనక్కి చూసేవాడు భగవంతుడి చేతిని వదిలినవాడని గర్జించాను. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో ముందే తెప్పించి పెట్టిన గుమ్మడికాయ తీసుకుని మేడ అంచున పగలగొట్టాను. కుంకుమ నీళ్ళు నా పంచె మీద చిందాయి. బాబాయ్ దిండు అదుముకుని నవ్వారు. నవ్వుతూనే పగిలిన కాయ వైపు కాస్త సేపు చూశారు. నేను ఆ చూపును ఆనందమనుకున్నాను.

రెండు వారాల తర్వాత పిన్ని మెట్ల మీద నన్ను ఆపింది. పొద్దున పాల గిన్నె చేతిలో ఉంది.

"మూడు దినాలాయె, మీ బాబాయ్ ముచ్చట పెట్టడు. ఎందుకో ఎర్కనా నీకు?"

"నొప్పిగా ఉందేమో పిన్ని."

"నొప్పి లేదు, ఏం లేదు. డాక్టరమ్మ పరీక్ష జేయించుకోమన్నది. కోసి తీసిన ముక్కల ఏందో రాసుంటదట, అది సదువుతరట. నెత్తురు గూడ తీస్తరట. కంటికి కనవడని నలుసు లోపల మిగిలిందా లేదా, మల్ల వచ్చేటట్టున్నదా అని చూస్తరట. ఈయన వద్దన్నడు."

"వద్దన్నారా? బాబాయా?"

"నీ వల్లనే! స్వామి నలుగురి ముంగట గుమ్మడికాయ కొట్టిండు, రాదని మాటిచ్చిండు, ఇప్పుడు నేను పరీక్షకు పోతే ఆయన మాట మీద నమ్మకం లేదని ఒప్పుకున్నట్టయితది అంటడు. హీరో కారు వెనకకు మళ్ళించిన మనిషి, నీ మొఖం జూసి నోరు మూసుకున్నడు. జర దిగిరా నాయనా నీ రథం మీది కెల్లి!"

పాలు ఒలికినా చూసుకోకుండా లోపలికి పోయింది.

నాకు ముందు కోపం వచ్చింది. ఒప్పుకోవాలి. ప్రవచనం చెప్పేవాణ్ణి ఆడమనిషి మెట్ల మీద నిలదీస్తుందా అని ఉడికాను. ఆ ఉడుకుతోనే బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. వరండాలో కూర్చుని ఖాళీ లెన్సు మూత తుడుస్తున్నారు.

"బాబాయ్, ఓకే అన్నాకే కదా మీరు గేట్ చూసేది?"

"అవు."

"మరి ఇప్పుడెందుకు చూడరు?"

ఆయన మూత తుడవడం ఆపలేదు. "గా డైరెక్టర్ నాకు జీతమిచ్చెటోడు స్వామీ. ఆయన మాట తప్పంటే శాన అయితే నా నౌకరి పోతది. నువ్వు నా ఇంట్ల బిడ్డ లెక్క. నీ మాట తప్పంటే నీ మొఖం చిన్నగయితది. గది నేను చూడలేను." కొంచెం ఆగి, నవ్వారు. "ఫికర్ జేయకు. శానమందికి రాదంట. నాకూ రాకపోవచ్చు."

"వస్తే?"

"వస్తే నీ పిన్ని తోట చూడదు, గంతే."

నా పరువు కాపాడటానికి ఒక మనిషి తన భార్యకిచ్చిన మాటను, తన ఊపిరిని పక్కన పెట్టాడు. అలాంటి భక్తి కోసమే నేను అరుస్తున్నానా?

పైకెళ్ళి గ్రంథం ముందేసుకుని కూర్చున్నాను. ఆ ఆదివారానికి అనుకున్నది శాపం పడిన రాజు కథ. ఏడు రోజుల్లో పాముకాటుతో పోతావని శాపం. మేడ కట్టారు, గాలి కూడా అడిగి రావాలన్నంత కాపలా పెట్టారు. చివరి రోజు పండ్ల బుట్ట లోపలికి వచ్చింది. ఒక పండులో కంటికి ఆననంత పురుగుగా ఆ పాము దాగుంది. ఈ కథ మేడ మీద ఎన్నోసార్లు చెప్పాను, విధిని ఎవరూ తప్పించలేరని ముగించేవాణ్ణి. ఒకసారి ప్రవచనం అయిపోయాక బాబాయ్ చెయ్యెత్తి అడిగారు. "స్వామీ, తలుపులకు గంత కాపలా పెట్టిండ్రు గదా, పండ్లు ఎవరు చూసిండ్రు?" అందరూ నవ్వారు, నేనూ నవ్వి ప్రసాదం పంచేశాను.

ఇప్పుడు ఆ ప్రశ్న నా ఎదురుగా కూర్చుంది. పండ్లు ఎవరూ చూడలేదు. ఇంకొకటి కూడా అప్పుడే కళ్ళబడింది, ఇన్నేళ్ళూ చదివి చూడనిది. ఆ రాజుకు ముందుగా తెలియబట్టే కదా ఆ ఏడు రోజులూ భగవంతుడి కథ విన్నాడు! తెలియడం అతనికి శాపం కాలేదు. తెలిసినదానితో ఏం చేయాలో అతనికి తెలుసు. ముందు తెలుసుకోవడం అవిశ్వాసమని ఏ శాస్త్రం చెప్పింది? నేను చెప్పాను. నా గొంతు చెప్పింది.

ఆదివారం జనం వచ్చారు. టైలర్లు, మేకప్ వాళ్ళు, డ్రైవర్లు, ఇద్దరు ముగ్గురు డ్యాన్సర్ల తల్లులు. బాబాయ్ అదే కుర్చీలో. నేను గ్రంథం తెరవలేదు.

"మొన్నొక ఆదివారం ఇక్కడ నిలబడి నేను చెప్పింది తప్పు" అన్నాను. "రోగం రాదని చెప్పే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు. భగవంతుడు ఇవ్వలేదు, సర్జను ఇవ్వలేదు. గుమ్మడికాయ నేను తొందరపడి కొట్టాను. గేట్ ఇంకా చూడలేదు!"

వెనక వరుసలోంచి ముసలి మేకప్‌మాన్ ఒకాయన అందుకున్నాడు. "ఏం స్వామీ, మీక్కూడా రీటేకులుంటాయా?"

మేడంతా గొల్లుమంది. నాకు ముఖం మండింది. అప్పుడు బాబాయ్ కుర్చీలోంచి లేచారు. దిండు పక్కన పెట్టారు.

"రీటేక్ గాదయ్యా. స్వామి యాక్టింగ్ మంచిగనే చేసిండు. గేట్ చూద్దమంటున్నడు, గంతే. రేపు పోత."

పిన్ని ఆ మాటకు మేడ గోడకు ఆనుకుని నన్ను చూసి తల ఊపింది. నాకు జీవితంలో దొరికిన చప్పట్లన్నీ ఒక ఎత్తు, ఆ తల ఊపు ఒక ఎత్తు.

ఆటోలో ముగ్గురం వెళ్ళాం. ఈసారి డాక్టరమ్మ చెప్పేది నేను నోరు మూసుకుని విన్నాను. ఇలా మొదటి దశలో దొరికినవాళ్ళలో చాలామందికి ఆపరేషనుతో సరిపోతుంది, కొందరికి తిరిగొస్తుంది, ఎవరికి వస్తుందో స్కాను చూసి చెప్పడం కష్టం అంది. అందుకే కోసి తీసిన గడ్డలో జన్యువుల మార్పులు ఏమున్నాయో చూస్తారు, ఆ గడ్డ రాల్చిన డీఎన్ఏ తునకలు రక్తంలో ఇంకా తిరుగుతున్నాయేమో వెతుకుతారు. వాటిని మార్కర్లు అంటారట, ఆనవాళ్ళన్నమాట.

"అంటే వస్తుందో రాదో తేలిపోతుందా అమ్మా?" అన్నాను. నా బుద్ధి ఇంకా తీర్పుల మీదే ఉంది.

"లేదండీ. ఇది జాతకం కాదు. ఆనవాలు దొరికితే వచ్చే అవకాశం ఎక్కువని తెలుస్తుంది. దొరక్కపోతే తక్కువని. తక్కువంటే అసలు లేదని కాదు."

నేను నిరాశపడ్డాను. బాబాయ్ ముఖం మాత్రం వెలిగింది. "లైట్ మీటర్ లెక్కనా అమ్మా? బొమ్మ మంచిగ వస్తదని అది చెప్పదు. వెలుతురు గింత ఉన్నదని చెప్తది. లెన్సు ఎంత తెరవాల్నో మనం జూసుకోవాలె."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఇది నేను మిగతా పేషెంట్లకు చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో బిడ్డా. కిరాయి ఏం అడగ."

నెత్తురు తీసే అమ్మాయితో కూడా ఊరుకోలేదు. గాజు గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని ఒంటికన్నుతో చూశారు. "ఏం కనిపిస్తుంది తాతా?" అందా అమ్మాయి. "ఎర్రగ కనవడుతున్నది. ఫోకస్ సాఫ్ట్ ఉన్నది, జర మసకగ" అన్నారు.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ఆనవాలు ఉంది. నలుసంత, కానీ ఉంది. గడ్డలో దొరికిన జన్యువు మార్పుకు సరిపడే మాత్ర ఒకటుందని, రోజూ వేసుకుంటే తిరిగొచ్చే అవకాశం తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. పిన్ని ముఖం పాలిపోయింది. నేను సంచిలో గ్రంథాన్ని పట్టుకున్నాను. బాబాయ్ ఒక్కరే నిమ్మళంగా ఊపిరి వదిలారు.

"ఉన్నది. నాకు ఎర్కనే. గుమ్మడికాయ ముందుగాల పగిలినప్పుడల్ల వెంట్రుక ఉంటది."

మాత్రలు మొదలయ్యాయి. ముఖమంతా పొక్కులు లేచాయి, గోళ్ళ పక్కన పుండ్లు, కడుపు నిలవదు. అద్దంలో చూసుకుని, "ముప్పై ఏండ్లు ఇండస్ట్రీల ఉన్న. మేకప్ లేకుంట విలన్ ఇప్పుడైన" అనేవారు. ఆ మేకప్‌మాన్ స్వయంగా వచ్చి డాక్టరమ్మ రాసిచ్చిన లేపనం రోజూ పొద్దున రాసి వెళ్ళేవాడు. చెయ్యి తేలికగా ఉండేది. ఇద్దరూ ఎవరి హీరో గొప్పో తిట్టుకుంటూ ఉండేవారు.

కొన్ని నెలలకు మళ్ళీ రక్తం తీశారు. ఈసారి ఆ కాగితం నా చేతికే ఇచ్చారు. ఆనవాలు కనిపించలేదని ఉంది. నేను చదివి వినిపించగానే ఆసుపత్రి వరండాలో, చక్రాల కుర్చీలు, సెలైన్ స్టాండ్ల మధ్య, ఆ మనిషి ముప్పై ఏళ్ళ గొంతుతో అరిచారు.

"గేట్ క్లీ...న్!"

నర్సు పరుగెత్తుకొచ్చింది, ఏదో అయిందనుకుని. "ఏం కాలేదమ్మా, ఏం కాలేదు" అని పిన్ని చెబుతోంది, నవ్వు ఆపుకోలేక.

నేను ఊరుకోలేక అన్నాను, "బాబాయ్, ఇప్పుడు రెండో గుమ్మడికాయ?"

"తప్పు స్వామీ. డాక్టరమ్మ ఏమన్నది? మాత్ర ఆపొద్దు, మల్ల మల్ల చూపించుకోవాలె అన్నది. ఇది సినిమా గాదు, టీవీ సీరియల్. సీరియల్‌కు గుమ్మడికాయ ఉండదు."

అప్పటి నుంచి నా నోటికి ఒక మాట అలవాటైంది. కావచ్చు. అంతకుముందు నా ప్రవచనాల్లో ఆ మాట ఉండేది కాదు. అన్నీ అవుతాయి, కావు, తప్పదు. డాక్టరమ్మను ఒకసారి గట్టిగా అడిగాను, ఆ పరీక్ష చేయించకపోతే ఏమయ్యేదని. "ఒక మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరండీ. అసలు రాకపోయేదేమో కూడా" అంది. ముందైతే ఆ జవాబుకు రగిలిపోయేవాణ్ణి. ఇప్పుడు దానికి దండం పెట్టాను. తెలిసినంత చెప్పి, తెలియని చోట ఆగడం కూడా ఒక నియమమే. మేడ మీద ఇప్పుడు ఎవరైనా రోగం గురించి అడిగితే ప్రార్థన చేస్తాను, ఆ తర్వాత డాక్టరు ఏమన్నారని అడుగుతాను. కొందరు నా నిప్పు చల్లారిందంటున్నారు. వాళ్ళొచ్చి ఒక్క ఆదివారం వినాలి!

నాలుగేళ్ళు దొరికాయి ఆ ఇద్దరికీ. మాత్రల డబ్బా సంచిలో వేసుకుని తిరిగారు. ఒక తోటలో హీరోయిన్ జారిపడ్డ చోట పిన్నిని నిలబెట్టారట, ఆవిడ నిజంగానే జారింది. ఒక సముద్రం దగ్గర, ఇక్కడే హీరో ఏడ్చాడని చూపిస్తే, "గింత ఎండకు ఎవలైనా ఏడుస్తరు" అందట. తిరిగొచ్చిన ప్రతిసారీ మేడ మీద ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ చెప్పేవారు. ప్రతి ప్రయాణానికి ముందు రక్తపరీక్ష, ఫలితం చూసుకుని టికెట్లు. అదే వాళ్ళ వరస.

అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని చివరికి పెట్టుకున్నారు. ఆయన అసిస్టెంటుగా పనిచేసిన మొట్టమొదటి పాటను ఫిల్మ్ నగర్ వెనక రాతి గుట్ట మీద తీశారట. చుట్టూ మేడలు లేచినా, పైన కొంత బండ మిగిలే ఉంది. మూడు వారాల కిందట, ఆఖరి రిపోర్టు బాగుందని తెలిసిన మర్నాడు పొద్దున, "నువ్వు గూడ రా స్వామీ, ఫోటో తీసెటోడు కావాలె" అన్నారు.

ఆటో దిగాక ఎక్కుడు. రెండు నిండు ఊపిరితిత్తులున్న నేను సగంలోనే ఒక రాయి మీద కూలబడ్డాను. ఆయన ఆగలేదు. పిన్ని చెయ్యి పట్టుకుని పైకి వెళ్ళిపోయారు. నేను రొప్పుతూ ఫోను తీసి పైకి చూశాను. ఆవిడ పసుపు చీరలో బండ మీద నిలబడి ఉంది. ఆయన జేబులోంచి కొలత టేపు తీశారు. ఆ రోజుల్లో షాటుకు ముందు లెన్సు నుంచి హీరోయిన్ కంటి దాకా దూరం కొలిచేవారట, బొమ్మ మసకబారకుండా. టేపు ఒక కొస ఆవిడ కనుబొమ దగ్గర పట్టించి, రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ నా ఫోను ఉండాల్సిన చోటికి కొలుస్తున్నారు.

"కదలకు!"

"కదుల్తలేను."

"కదుల్తున్నవ్!"

ఆవిడకు నవ్వు ఆగడం లేదు. ఎండ పడి మెరుస్తున్న ఆ టేపు ఇద్దరి మధ్యా గాలిలో సన్నగా వణుకుతూనే ఉంది.